చల్లని నీళ్లకు కుండా, ఫ్రిజ్జా?

అనంతపురం ఎండల్లో మంచినీళ్లకు నా ఓటు కుండకే. కారణం మన గాలి. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లే. వేసవిలో గాలిలో తేమ బాగా తక్కువ. కుండ గోడల సన్నని రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చలువ. ఉక్కపోసే కోస్తా ఊళ్లలో కుండ ఇంత బాగా పనిచేయదు.

ఫ్రిజ్ తన లోపలి వేడిని వంటగదిలోకే వదులుతుంది. మే నెలలో పిల్లలు సీసా కోసం తలుపు తీసిన ప్రతిసారీ వేడిగాలి లోపలికి చేరి, కంప్రెసర్ మరింతసేపు తిరుగుతుంది. కరెంటు ఖర్చు అక్కడే పెరుగుతుంది. పాలు, పెరుగు, కూరగాయలకు ఫ్రిజ్ కావాల్సిందే. నీళ్ల సీసాలకు మాత్రం అక్కడ పని లేదు.

కుండకు కొంత సేవ తప్పదు. కొత్తదాన్ని ఒక రోజు నీళ్లలో నాననివ్వండి. గాలి ఆడే నీడలో, తడి ఇసుక మీద ఉంచండి. సబ్బు వద్దు, కొబ్బరి పీచుతో రుద్దితే చాలు. మన బోరు నీళ్లలోని ఉప్పు కుండ బయట తెల్లని పొరలా పేరుకుని రంధ్రాలను పూడ్చేస్తుంది. నిండు కుండను వేలితో తాకినా తడి తగలడం లేదంటే, ఇక కొత్తది కొనాల్సిందే.

జిల్లాలో చాలా ఊళ్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. దాన్ని కుండా తీసేయదు, ఫ్రిజ్జూ తీసేయదు. అందుకే శుద్ధి చేసిన నీళ్లనే కుండలో పోసుకోండి.