సెయింట్ అగస్టీన్ పాత పట్టణంలో ట్రాలీ యాత్ర: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

ఫ్లోరిడా ఈశాన్య తీరంలో ఉన్న సెయింట్ అగస్టీన్ పట్టణానికి వచ్చే యాత్రికుల్లో చాలామంది కారు నిలిపిన వెంటనే చేసే పని ట్రాలీ టికెట్ కొనడం. ఆ ఊరు జాక్సన్‌విల్‌కు సుమారు 40 మైళ్ల దూరంలోనే ఉన్నందున, మా ప్రాంతపు తెలుగు కుటుంబాలు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకువెళ్లే చోట్లలో అది ముందువరుసలో ఉంటుంది. ఓర్లాండో చూడవచ్చిన బంధువులు కూడా ఒక రోజు మిగుల్చుకొని అక్కడికి వస్తుంటారు. ఆ టికెట్‌కు పెట్టే డబ్బు దండగ కాదా అని అడిగేవారికి, కొనవచ్చునని చెబుతాను. అయితే ఎక్కిన చోటే కూర్చొని ఒక చుట్టు తిరిగి దిగిపోయే ఉద్దేశం ఉంటే మాత్రం కొనవద్దని కూడా చెబుతాను. ట్రాలీ ఈ పట్టణం ఎలా పరచుకొని ఉన్నదో చక్కగా చూపిస్తుంది. పట్టణ చరిత్రలో అన్నిటికన్నా బరువైన ఘట్టాలను మాత్రం తెలిసీతెలియనట్లు దాటిపోతుంది.

ఈ ట్రాలీ పట్టాల మీద నడిచేది కాదు. పాతకాలపు ట్రామును పోలిన ఆకారం, రబ్బరు టైర్లు, గాలి ధారాళంగా వచ్చేలా తెరిచి ఉన్న పక్కలు, వరుసగా బల్లలు ఉంటాయి. నడిపే మనిషే మైకులో వివరాలు చెబుతూ ఉంటారు. ఊళ్లో ఇటువంటి సేవ నడిపే సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి. పద్ధతి మాత్రం దాదాపు ఒక్కటే. దారి పొడవునా నిర్ణీత స్టాపులు ఉంటాయి, ఒకే టికెట్‌తో రోజంతా ఎక్కడ కావాలంటే అక్కడ దిగి, వెనుక వచ్చే మరో బండి ఎక్కవచ్చు. ఎక్కడా దిగకుండా తిరిగితే మొత్తం చుట్టు గంటన్నర లోపే పూర్తవుతుంది. కోట, మ్యూజియంల ప్రవేశ రుసుములు సాధారణంగా ఇందులో కలవవు కనుక, కొనేముందు ఏది కలిసి ఉన్నదో, ఏది లేదో అడిగి తెలుసుకోవడం అవసరం.

స్పెయిన్ సేనాని పెడ్రో మెనెండెజ్ దె అవిలేస్ ఈ ఊరిని 1565 సెప్టెంబరులో స్థాపించాడు. అదే సంవత్సరం జనవరిలో తళ్లికోట యుద్ధం జరిగి విజయనగరం కూలిపోయింది. ఈ రెండు సంఘటనలకు సంబంధమేమీ లేకపోయినా, మన పెద్దవాళ్లకు ఆ కాలాన్ని స్ఫురింపజేయడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు దొరకలేదు. మా నాన్నగారితో ఆ మాట అన్న తరువాతే ఆయన ఈ ఊరిని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. నేటి అమెరికా ప్రధాన భూభాగంలో యూరోపియన్లు స్థాపించి, నాటి నుంచి నేటివరకు ఎడతెగకుండా జనం నివసిస్తున్న ఊళ్లలో ఇదే అన్నిటికన్నా పాతది. ట్రాలీ వాళ్లు ఈ మాటను ఎన్నిసార్లు చెబుతారో లెక్కలేదు. దాని వెనుకనే చెప్పవలసిన మరో మాటను మాత్రం మేము విన్న వివరణల్లో ఎవరూ నొక్కి చెప్పలేదు. 1586లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఈ ఊరిని తగులబెట్టాడు. 1702లో ఉత్తరాన ఉన్న ఇంగ్లీషు వలస రాజ్యం కరోలినా గవర్నరు జేమ్స్ మూర్ కోటను ముట్టడించి, దాన్ని పట్టలేక, వెళ్లిపోతూ ఊరంతటికీ నిప్పు పెట్టించాడు. అందువల్ల మనకు కనిపించే వలసకాలపు ఇళ్లు ఎంత పాతవైనా 1702 తరువాత కట్టినవే. అంతకు ముందటిదై నిలిచి ఉన్నది కోట ఒక్కటే. ఈ సంగతి తెలిసి చూసినవారికి కోట ముందు ట్రాలీ ఆగినప్పుడు దిగకుండా ఉండటం సాధ్యం కాదు.

కాస్తియో దె శాన్ మార్కోస్ అనే ఆ కోట నిర్మాణం 1672లో మొదలై 1695లో ముగిసింది. అంతకు ముందున్న కోటలన్నీ కొయ్యవి. 1668లో సముద్రపు దొంగలు ఊరిని దోచుకోవడం, 1670లో ఇంగ్లీషువారు ఉత్తరాన చార్లెస్ టౌన్‌లో స్థిరపడటం చూసి, స్పెయిన్ చివరకు రాతికోటకు డబ్బు ఇచ్చింది. ఎదుటనే ఉన్న అనస్తాసియా దీవిలో తవ్వి తెచ్చిన కోకినా అనే రాయితో దాన్ని కట్టారు. మరమరాల ఉండలో పాకం మరమరాలను పట్టి ఉంచినట్లు, వేల సంవత్సరాలుగా పేరుకున్న చిన్న చిన్న ఆల్చిప్పలు ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడిన రాయి అది. ఫిరంగి గుండు తగిలినప్పుడు ఈ రాయి పగుళ్లిచ్చి కూలదు. గుండు లోపలికి దిగబడి ఊరుకుంటుంది. 1702 ముట్టడిలో సుమారు 1500 మంది పట్టణవాసులు, సైనికులు దాదాపు రెండు నెలలు ఆ గోడల మధ్యనే బతికి బయటపడ్డారు. 1740లో జార్జియా నుంచి వచ్చిన ఇంగ్లీషు సేనాని ఓగిల్‌థోర్ప్ సైన్యం కూడా గుండ్లు కురిపించి, చివరకు వట్టి చేతులతో వెనుదిరిగింది. ట్రాలీలో కూర్చున్నవారికి ఈ కోట పచ్చిక వెనుక బూడిదరంగు గోడగా కొద్దిసేపు కనిపిస్తుంది, అంతే. లోపల నేషనల్ పార్క్ సర్వీసు ఉద్యోగులు ఇచ్చే వివరణ ట్రాలీ వివరణకన్నా ఎంతో లోతుగా ఉంటుంది. పెద్దవారికి 15 డాలర్ల ప్రవేశ టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది. 15 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు రుసుము లేదు. కనీసం రెండు గంటలు కేటాయించండి. పైకప్పు మీదికి వెళ్లే మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే. కింది గదులు, మధ్య ప్రాంగణం మాత్రం హాయిగా చూడవచ్చు.

కోట దాటగానే నగరద్వారం వస్తుంది. కోకినా రాతితో కట్టిన ఆ జంట స్తంభాలు 1808 నాటివి. వాటి వెనుక మొదలయ్యే సెయింట్ జార్జ్ వీధి కేవలం పాదచారులది కనుక ట్రాలీ అందులోకి వెళ్లలేదు. వలసకాలపు పట్టణాన్ని చూపిస్తామనే యాత్రకు ఇదే పెద్ద పరిమితి. స్పెయినువారు గీసుకున్న ఇరుకు వీధుల అల్లిక, వీధిమీదికి వంగిన కొయ్య బాల్కనీలు, పెరటి ద్వారాలు ఇవన్నీ బండి వెళ్లే దారికి లోపలివైపు ఉండిపోతాయి. సెయింట్ జార్జ్ వీధిలోని ఇళ్లలో చాలాభాగం 1960ల నుంచి పునర్నిర్మించినవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నిజంగా పాతబడిన గోడలను చూడదలచినవారు దక్షిణాన ఉన్న అవిలేస్ వీధికి, అక్కడి నుంచి గోన్సాలెస్–ఆల్వారెజ్ ఇంటికి నడవాలి. 18వ శతాబ్దపు ఆ ఇంటిలో కింది అంతస్తు స్పెయినువారిది, పై అంతస్తు తరువాత ఇంగ్లీషువారి కాలంలో కొయ్యతో చేర్చినది. 1763లో ఫ్లోరిడా బ్రిటన్ చేతికి వెళ్లడం, రెండు దశాబ్దాల తరువాత తిరిగి స్పెయిన్‌కు చేరడం, 1821లో అమెరికాలో కలిసిపోవడం అనే మూడు మలుపులను ఏ మైకు వివరణా ఆ ఇంటి గోడలంత స్పష్టంగా చెప్పలేదు.

ఉత్తరపు కొసన ఉన్న యవ్వనపు ఊట అనే పార్కు దగ్గర మా గైడు చాలాసేపు మాట్లాడారు. 1513లో స్పెయిన్ అన్వేషకుడు పోన్సె దె లియోన్ నిత్యయవ్వనాన్నిచ్చే నీటి కోసం ఫ్లోరిడా వచ్చాడన్న కథను, అది అతని మరణానంతరం ప్రచారంలోకి వచ్చిన కథ అని చెప్పకుండా, జరిగిన సంగతిలాగానే వినిపించారు. విచారం కలిగించిన విషయం ఏమిటంటే, ఆ పార్కు నిజంగానే అమూల్యమైన స్థలం. 1565లో మెనెండెజ్ మనుషులు తొలి విడిది చేసిన చోటు, అంతకు ముందు నుంచీ అక్కడ నివసించిన తిముక్వా జాతివారి పల్లె, రెండూ ఆ నేలలోనే ఉన్నాయని ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి తేల్చారు. ఊట నీటి గురించి నవ్వుతూ చెప్పిన మాటల్లో నాలుగోవంతు ఈ తవ్వకాలకు ఇచ్చినా నాకు తృప్తిగా ఉండేది.

ట్రాలీ గొప్పగా ఉపయోగపడే భాగం కింగ్ వీధి. అక్కడి కట్టడాలు విశాలమైనవి, ఎత్తయినవి, బండిలో నుంచి చూడటానికే అనువైనవి. స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు సంస్థ భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్ ధనవంతులను శీతకాలంలో దక్షిణానికి రప్పించాలని కట్టించిన పోన్సె దె లియోన్ హోటల్ 1888 జనవరిలో తెరుచుకున్నది. కోకినా కలిపిన కాంక్రీటును పోతపోసి కట్టిన ఆ భవనం 1968 నుంచి ఫ్లాగ్లర్ కాలేజీ. ఎదురుగా ఉన్న ఆల్కజార్ హోటల్ ఇప్పుడు లైట్నర్ మ్యూజియం; అందులోని పాత ఈతకొలను అడుగున నేడు భోజనశాల నడుస్తున్నది. మా గైడు ఈ భాగాన్ని ఎంతో ఇష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పారు. ప్రసవానంతరం మరణించిన కూతురి స్మృతికి ఫ్లాగ్లర్ కట్టించిన ప్రెస్బిటేరియన్ చర్చి దగ్గర ఆయన గొంతు తగ్గించి మాట్లాడిన తీరు మా అందరినీ కదిలించింది. అయితే ఇది వలసకాలం కాదు. దాని తరువాతి కాలం. యాత్రలో అన్నిటికన్నా నిండుగా ఉన్న వివరణ ఆ కాలానికే దక్కింది. కాలేజీ లోపలి భోజనశాలలోని టిఫానీ గాజు కిటికీలను చూడటానికి విద్యార్థులు నడిపే ప్రత్యేక సందర్శన ఉన్నది, అక్కడ దిగడం మంచిది.

నా అసలు ఫిర్యాదు 1964కు సంబంధించినది. సముద్రపు ఒడ్డు దారిలో నేడు పెద్ద హోటల్ ఉన్న చోట అప్పుడు మాన్సన్ మోటర్ లాడ్జి ఉండేది. నల్లజాతివారికి భోజనం పెట్టని ఆ లాడ్జి మెట్ల మీద 1964 జూన్ 11న మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. వారం తరువాత, నల్లవారు, తెల్లవారు కలిసి అక్కడి ఈతకొలనులో దిగినప్పుడు యజమాని నీటిలో ఆమ్లం పోశాడు. ఆ ఛాయాచిత్రాలు ప్రపంచమంతటా అచ్చయ్యాయి. వర్ణవివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టంపై జూలై 2న సంతకమైంది. ఆ మెట్లను నేటికీ భద్రపరచి ఉంచారు. ట్రాలీ ఆ చోటును దాటే క్షణాల్లో మాకు వినిపించింది రాత్రిపూట నడిపే దయ్యాల యాత్ర ప్రకటన. నాలుగడుగుల దూరంలోని ప్లాజాలో, అంటే ఊరి నడిమి బహిరంగ స్థలంలో, ఒకప్పుడు బానిసల అమ్మకాలు సాగిన సంత స్థలం ఉన్నది. అదే ప్లాజాలో ఆ పౌరహక్కుల ఉద్యమకారుల స్మారకం 2011 నుంచి నిలిచి ఉన్నది. తరువాత అట్లాంటా మేయరు అయిన ఉద్యమ నాయకుడు ఆండ్రూ యంగ్‌ను 1964 జూన్‌లో మూకలు కొట్టింది ఇక్కడే. ఊరికి రెండు మైళ్ల ఉత్తరాన ఉన్న ఫోర్ట్ మోసె కథ ఇంకా అరుదైనది. ఇంగ్లీషు కరోలినా నుంచి తప్పించుకొని వచ్చిన బానిసలకు స్పెయిన్ ప్రభుత్వం స్వేచ్ఛనిచ్చి, 1738లో వారికి సొంత ఊరు, సొంత కోట ఏర్పాటు చేసింది; నేటి అమెరికా నేలపై చట్టం గుర్తించిన తొలి స్వేచ్ఛా నల్లజాతి గ్రామం అదే. మేము ఎక్కిన బండిలో ఆ పేరు వినిపించలేదు. ఇవేవీ కనుమరుగైన సంగతులు కావు, పలకలు వేసి ఉన్న స్థలాలు. పిల్లలను తీసుకువెళ్లే తల్లిదండ్రులు ప్లాజా స్టాపులో తప్పక దిగి, ఆ మెట్ల దాకా నడిపించి, ఆ కథను తామే చెప్పాలని నా అభ్యర్థన.

సౌకర్యాల విషయంలో చెప్పవలసింది తక్కువే. మా అమ్మగారి వంటి, ఎక్కువ దూరం నడవలేని వారికి ఈ బండి పెద్ద అండ. బల్లలు గట్టివి, మెట్టు కొంచెం ఎత్తు. చక్రాల కుర్చీ వాడేవారు ముందుగా ఫోను చేసి లిఫ్టు ఉన్న బండి అడగాలి. సెలవు రోజుల్లో మధ్యాహ్నం దిగిన చోట మళ్లీ ఎక్కడానికి చాలాసేపు నిలబడవలసి వస్తుంది, ఎందుకంటే వచ్చే బండి అప్పటికే నిండి ఉంటుంది. అందుకని పొద్దున్నే మొదటి బండి ఎక్కి, ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఊరు ఎటు ఏమిటో తెలుసుకొని, రెండో చుట్టులో దిగడం మొదలుపెట్టాలి. పగటి సేవ సాయంత్రం త్వరగా ముగుస్తుంది, చివరి బండి వేళ కనుక్కోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ, ఉక్కపోత, మధ్యాహ్నపు వానలు పెద్దవాళ్లను అలసగొడతాయి. నవంబరు మధ్య నుంచి జనవరి వరకు ఊరంతా దీపాలతో అలంకరిస్తారు. ఆ రోజుల్లో రాత్రి ట్రాలీ అందంగా ఉంటుంది, రద్దీ కూడా అంతే ఉంటుంది. కారం ఇష్టపడేవారు 18వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన మినోర్కా దీవివాసుల వంటల్లో వాడే డాటిల్ మిరపకాయల సాస్ ఒక సీసా తెచ్చుకోవచ్చు. మన నాలుకకు కూడా అది చాలినంత కారంగానే ఉంటుంది.

నడవగలిగిన యువకులకు ఈ టికెట్ అవసరం లేదు. నగరద్వారం నుంచి గోన్సాలెస్–ఆల్వారెజ్ ఇంటి వరకు దూరం ఒక మైలు లోపే. ఆ డబ్బును కోటకు, ఇక్కడి నల్లజాతివారి చరిత్రను చూపే లింకన్‌విల్ మ్యూజియంకు, ఒక మంచి నడక యాత్రకు పెట్టవచ్చు. వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు మాత్రం నేను ట్రాలీనే సూచిస్తాను. ఐదింటిలో మూడున్నర మార్కులు ఇస్తున్నాను. మాన్సన్ మెట్ల దగ్గర రెండు నిమిషాలు బండి ఆపి ఆ జూన్ నెల కథ చెప్పే రోజు వస్తే, మరో మార్కు కలపడానికి నాకు అభ్యంతరం ఉండదు.