పైటెస్ట్‌తో ఆరేళ్లు: టెస్ట్ ఫెయిలయ్యాక ఏం చెబుతుంది?

మధురవాడలో మా ఆఫీసు. రొయ్యల ఎగుమతిదార్లకు కౌంట్లు (నిర్ణీత బరువుకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), బరువులు, బిల్లులు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులన్నీ నేను చేరేనాటికి పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్ అనే లైబ్రరీలో ఉండేవి, అవీ దాదాపుగా షరతు నిజమా కాదా అని మాత్రమే చూసే అసర్ట్‌ట్రూతో రాసినవే. ఫెయిలైతే తెర మీద ఒకటే మాట: "ఫాల్స్ ఈజ్ నాట్ ట్రూ". ఏ బిల్లు? ఎంత రావాలి, ఎంత వచ్చింది? ప్రింట్లు పెట్టి మళ్లీ మళ్లీ నడపడంతోనే పూట గడిచిపోయేది. తప్పు యూనిట్‌టెస్ట్‌ది కాదు. రెండు విలువలను పోల్చే అసర్ట్‌ఈక్వల్ వాడి ఉంటే అదీ రెండు విలువలూ చూపించేదే.

తర్వాత పైటెస్ట్‌కు మారాం, ఇదీ పైథాన్ టెస్టులు రాసి నడిపే టూలే. ఇందులో "ఇది నిజమై ఉండాలి" అని చెప్పే పైథాన్ మామూలు అసర్ట్ చాలు. టెస్ట్ ఫైలు ఇంపోర్ట్ అవుతున్నప్పుడే అది అసర్ట్‌లను తిరగరాసి పెట్టుకుంటుంది. అందుకే ఫెయిలైనచోట రెండు వైపుల విలువలూ, మధ్యలో ఏ ఫంక్షన్ ఏం తిరిగిచ్చిందో కూడా విప్పి చూపిస్తుంది. డిక్షనరీలైతే తేడా ఉన్న కీ దగ్గరికే తీసుకెళ్తుంది. పొడవాటి తేడాలను మాత్రం మామూలుగా కత్తిరించేస్తుంది. మొత్తం కావాలంటే కమాండ్‌లో రెండు "వీ"లు (-vv) పెట్టి నడపాలి.

మేం బాగా ఇబ్బంది పడింది హెల్పర్ ఫైలు దగ్గర. బిల్లులు పోల్చే అసర్ట్‌లన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని విడిగా పెట్టాం. అక్కడ ఫెయిలైతే ఒట్టి "అసర్షన్‌ఎర్రర్", విలువల్లేవు! రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది: ఆ తిరగరాత టెస్ట్ ఫైళ్లకు, టెస్టుల ఉమ్మడి ఏర్పాట్లుండే కాన్ఫ్‌టెస్ట్ ఫైలుకు, ప్లగిన్లకే వర్తిస్తుంది. మన హెల్పర్‌కూ కావాలంటే, అది ఇంపోర్ట్ కాకముందే రిజిస్టర్ అసర్ట్ రీరైట్ ఫంక్షన్‌ను పిలవాలి. ఒక్క లైను. కొత్తగా వాడేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

షోలోకల్స్ ఆప్షన్ నాకు చాలా ఇష్టం. ఫెయిలైన క్షణంలో ఆ ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్ అన్నీ, తప్పు ఎక్కడ వచ్చిందో చూపే ట్రేస్‌బ్యాక్‌లో కనిపిస్తాయి. అయితే ఒకసారి టెస్ట్ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా టెస్టులను తనంతట తానే నడిపే సీఐ సర్వర్ లాగ్‌లోకి వచ్చేసింది. అప్పట్నుంచి దాన్ని మా మెషీన్ల మీదే వాడుతున్నాం.

ఒకే టెస్ట్‌ను వేర్వేరు విలువలతో నడిపే పారామెట్రైజ్‌లో, ఒక్కో విలువకు పేరుగా ఐడీలు తప్పకుండా ఇవ్వండి. ఆబ్జెక్టులు పంపితే పేరు "బిల్0", "బిల్1" అని వస్తుంది, అందులో ఏం తెలుస్తుంది? మేం "40 కౌంట్, ఐస్ తీసేసి" లాంటి పేర్లు పెట్టాం. రాత్రి నడిచిన రిపోర్టు పొద్దున్నే చూస్తే సగం విషయం పేర్లలోనే దొరుకుతోంది. పైసల లెక్కను, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లతో చేయొద్దు, కచ్చితంగా దాచే డెసిమల్ వాడండి. బరువులకైతే చిన్న తేడాను ఒప్పుకునే అప్రాక్స్ సరిపోతుంది.

టెస్టులను ఒకేసారి పలు ప్రాసెస్‌లలో నడిపే ఎక్స్‌డిస్ట్‌తో వేగం వచ్చింది కానీ, అందులో కోడ్‌ను మధ్యలో ఆపి చూసే డీబగ్గర్ పనిచేయదు. ఫెయిలైనవాటిని లాస్ట్ ఫెయిల్డ్ ఆప్షన్‌తో ఒంటరిగా మళ్లీ నడిపి చూసుకుంటాం.

ఇప్పుడు మా టీములో ఎవరు కొత్త టెస్ట్ రాసినా, అసలు కోడ్‌లో కావాలనే ఒక తప్పు పెట్టి ఆ ఫెయిల్యూర్‌ను పక్కవాళ్లకు చూపిస్తారు. కోడ్ తెరవకుండా వాళ్లు తప్పేంటో చెప్పగలిగితేనే టెస్ట్ లోపలికి వస్తుంది.