మల్లి రంగు, ట్యూబులో రంగు: నాలుగేళ్లుగా వాడుతున్న చుక్కల టెస్ట్ కిట్

మా మల్లి లూసిస్టిక్ రకం ఆక్సొలాటల్, అంటే జీవితమంతా నీళ్లలోనే ఉండే, బల్లి ఆకారపు ఉభయచర జీవి. ఒళ్లంతా తెలుపు, కళ్లు నలుపు, కుచ్చుల్లాంటి మొప్పలు గులాబీ. దాని రంగు కాస్త మారితే చాలు, నా ప్రాణం విలవిల్లాడేది. ఆ కంగారు తగ్గించింది నీళ్లు పరీక్షించే ఈ చుక్కల కిట్టే. ట్యూబులో ట్యాంకు నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, మారే రంగును బట్టి కొలత తెలుస్తుంది.

మొదటి ఏడాది ఓ రాత్రి లైటు వేసి చూస్తే మొప్పలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వెంటనే అమ్మోనియా (దాని మలమూత్రాల నుంచి నీళ్లలో చేరే విషం) పరీక్ష చేశాను. ట్యూబు నిమ్మపండు పసుపు, అంటే సున్నా. వానపాము అందిస్తే గుటుక్కున మింగింది. కాసేపటికే మొప్పలు ఎర్రబడ్డాయి. కదలకుండా పడుకున్నప్పుడు వాటికి రక్తం తక్కువ పారుతుంది, అంతే. తర్వాత తల మీద నల్లచుక్కలు వచ్చాయి, కాలివేళ్ల కొసలు నల్లబడ్డాయి. అవీ ఎదుగుదలలో భాగమే.

అసలు జబ్బు వేరేలా వచ్చింది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీళ్లలో కడిగేశాను. క్లోరిన్‌కి అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయింది. నాలుగో రోజున పాదాల మీద ఎర్రటి సన్నగీతలు కనిపించాయి. మొప్పలు ముందుకు వంగాయి, తోక కొస మెలితిరిగింది, తిండి ముట్టలేదు. ఈసారి ట్యూబు ఆకుపచ్చ: అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు). క్లోరిన్ తీసిన చల్లటి నీళ్ల టబ్బులోకి మార్చి, రోజూ నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోశాను. వారానికి గీతలు పోయాయి. ట్యాంకు మళ్లీ సున్నా చూపడానికి మాత్రం ఐదు వారాలు పట్టింది.

కిట్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. అమ్మోనియా 0కీ 0.25కీ తేడా రాత్రి లైట్లో అసలు తెలియదు. పగటి వెలుగులో, వెనక తెల్లకాగితం పెట్టి చూడాలి. నైట్రేట్ (అమ్మోనియాను బ్యాక్టీరియా మార్చగా చివరికి మిగిలేది) పరీక్షకు వాడే రెండో సీసాను ముప్పై సెకన్లు గట్టిగా కుదపాలి, లేకపోతే అడుగున మందు పేరుకుపోతుంది. నేను నెలల తరబడి సరిగా కుదపక 5 అనుకున్నది, కుదిపి చూస్తే 40! అది 20 లోపు ఉండాలి.

మొప్పల మీద దూదిపింజల్లా తెల్లగా పట్టే ఫంగస్ సంగతి ఈ కిట్ చెప్పదు, అది కంటితోనే చూడాలి. వేడి సంగతీ చెప్పదు. 16 నుంచి 18 డిగ్రీలు దీనికి హాయి, 24 దాటితే ప్రమాదం. అందుకే పక్కనే థర్మామీటర్ పెట్టుకున్నాను.

ఇంతకుముందు వాడిన కాగితపు స్ట్రిప్‌లలో అమ్మోనియా పరీక్షే లేదు, మళ్లీ వాటి జోలికి పోలేదు. ఇప్పుడు వాడుతున్నది మూడో కిట్. కొనేటప్పుడు సీసాల మీద గడువు తేదీ చూసుకోండి.