హోమ్‌స్టెడ్ లెక్కలో టెక్సాసా, ఫ్లోరిడానా? ఏది మేలు?

అమెరికాలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు ఈ రెండు రాష్ట్రాలనూ ఒకే గాటన కట్టేస్తుంటారు, రెండింట్లోనూ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చాక గానీ అసలు సంగతి తెలియదు. ఆ బిల్లును కాస్త దించేది హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్. మీరు ఉంటున్న ఇంటికే వర్తిస్తుంది, అద్దెకిచ్చిన ఇంటికి రాదు.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పెద్దగా ఆలోచించక్కర్లేదు, టెక్సాసే. అక్కడ వీసా అడ్డు రాదు. ఇల్లు మీ పేరున ఉండి, మీరు అందులో ఉంటూ, డ్రైవింగ్ లైసెన్స్‌లో అదే అడ్రస్ ఉండాలి. ఫ్లోరిడాలో ఆ ఇల్లు మీ శాశ్వత నివాసం కావాలి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు అది చట్టరీత్యా కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే తేల్చేసింది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లు గడిచినా హెచ్-1బి తాత్కాలిక వీసాయే కదా. ఒక వెసులుబాటు ఉంది: అమెరికాలో పుట్టిన మీ పిల్లలు అదే ఇంట్లో ఉంటుంటే వాళ్లను చూపించి అడగొచ్చు. మూడేళ్ల పిల్లాడి పుణ్యాన తండ్రికి పన్ను తగ్గుతుందన్నమాట!

గ్రీన్‌కార్డు వచ్చాక లెక్క మారుతుంది. టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్‌లో భాగమైన స్కూల్ ట్యాక్స్ వేసే ముందు ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2023లో లక్షకు పెంచారు, 2025 నవంబర్ ఓటింగ్‌తో ఇంత అయింది. 65 ఏళ్లు నిండినవాళ్లకు 2,00,000. స్కూల్ రేటు వందకు ఒక డాలర్ అనుకుంటే ఏటా 1,400 మిగులు. ఫ్లోరిడాలో మినహాయింపు 50 వేల పైచిలుకే, అందులో రెండో సగం స్కూల్ ట్యాక్స్‌కు వర్తించదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా మట్టుకు పన్ను లెక్కలో ఇంటి విలువను ఏటా ఎంత పెంచవచ్చన్న పరిమితే ముఖ్యం. టెక్సాస్‌లో అది 10 శాతం. ఫ్లోరిడాలో 3 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. మార్కెట్ జోరుగా ఉండి ఐదేళ్లూ పరిమితి మేరకు పెరిగితే, 5 లక్షల ఇల్లు పన్ను లెక్కలో టెక్సాస్‌లో 8 లక్షలు దాటుతుంది, ఫ్లోరిడాలో 5 లక్షల 80 వేల దగ్గరే ఉంటుంది. పైగా ఫ్లోరిడాలోనే మరో ఇంటికి మారితే మార్కెట్ విలువకూ పన్ను విలువకూ మధ్య ఉన్న తేడాను 5 లక్షల డాలర్ల దాకా వెంట తీసుకెళ్లొచ్చు. పదేళ్లు, పదిహేనేళ్లు కదలం అనుకునేవాళ్లకు నేను ఫ్లోరిడానే చెబుతాను. రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారేవాళ్లకు ఆ లాభం పెద్దగా అందదు.

అప్పులవాళ్ల నుంచి రక్షణలో రెండూ గట్టివే. ఇంటి విలువ ఎంతైనా సరే, మామూలు అప్పులకు జప్తు చేయలేరు. పట్టణ పరిధిలో అయితే టెక్సాస్‌లో 10 ఎకరాల దాకా, ఫ్లోరిడాలో అర ఎకరం దాకా. హోమ్‌లోన్, ప్రాపర్టీ ట్యాక్స్ బాకీలకు మాత్రం ఈ రక్షణ లేదు.

భర్త పేరున ఒకటి, భార్య పేరున ఇంకోటి అని రెండు హోమ్‌స్టెడ్‌లు పెట్టే తెలివి వద్దు. ఫ్లోరిడాలో దొరికితే పదేళ్ల పన్ను వెనక్కి కట్టించుకుని, పైన 50 శాతం జరిమానా, 15 శాతం వడ్డీ వేస్తారు.

అప్లికేషన్ గడువు ఫ్లోరిడాలో మార్చి 1, టెక్సాస్‌లో ఏప్రిల్ 30. రెండుచోట్లా ఉచితమే. ఇల్లు కొన్న కొత్తలో, ఫీజు కడితే మేమే ఫైల్ చేస్తామంటూ ప్రభుత్వ కాగితంలా కనిపించే లెటర్లు వస్తాయి. వాటిని చింపి పారేయండి.