ట్రేడింగ్ ఖాతాలో ఊరికే పడి ఉన్న సొమ్ము: లిక్విడ్ బీస్ ఎవరికి, ఎంతవరకు?

షేర్లు అమ్మగా వచ్చిన డబ్బు గానీ, మంచి ధర కోసం ఎదురుచూస్తూ ముందే బదిలీ చేసి పెట్టుకున్న డబ్బు గానీ, ట్రేడింగ్ ఖాతాలో ఉన్నన్నాళ్లూ దానిపై వడ్డీ రాదు. మన దేశంలో బ్రోకర్లు ఖాతాదారుల నిల్వపై వడ్డీ చెల్లించరు. పైగా ఖాతాదారు ఎంచుకున్న పద్ధతిని బట్టి నెలకో, మూడు నెలలకో ఒకసారి వాడని సొమ్మును బ్యాంకు ఖాతాకు తిరిగి పంపాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. అమెరికాలో ఫిడెలిటీ వంటి సంస్థలో ఖాతా నడిపినవారికి ఇది వింతగా తోస్తుంది. అక్కడ మిగులు నగదు దానంతటదే మనీ మార్కెట్ ఫండులో చేరిపోయే ఏర్పాటు ఉంది. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి, అందుకు మన మార్కెట్లో ఉన్న అతి పాత సాధనం లిక్విడ్ బీస్.

బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ 2003లో దీన్ని ప్రారంభించింది. తరువాత గోల్డ్‌మన్ శాక్స్, ఆపై రిలయన్స్ చేతికి వెళ్లి, 2019 నుంచి నిప్పాన్ ఇండియా పేరుతో నడుస్తోంది. ఇది ఈటీఎఫ్, అంటే ఎక్స్ఛేంజిలో చేతులు మారే ఫండు. షేరు కొన్నట్టే దీని యూనిట్లు కొనాలి, అవి డీమ్యాట్ ఖాతాలో చేరతాయి. ఫండు ఆ సొమ్మును ప్రధానంగా ట్రైపార్టీ రెపోలో, అంటే ప్రభుత్వ సెక్యూరిటీల హామీపై ఒక రాత్రికి ఇచ్చే అప్పుల్లో పెడుతుంది. ఈ లావాదేవీలు క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మధ్యవర్తిత్వంతో జరుగుతాయి కాబట్టి అసలుకు ముప్పు చాలా తక్కువ, అయినా ఇది బ్యాంకు డిపాజిట్ కాదు, రాబడికి ఎవరి హామీ లేదు. రాబడి రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు చుట్టూ తిరుగుతుంది. 2025 ఆరంభంలో 6.5 శాతం ఉన్న ఆ రేటు డిసెంబరు నాటికి 5.25 శాతానికి దిగింది, దానితోపాటే ఈ ఫండు ఇచ్చేదీ తగ్గింది.

దీని విశేషమంతా ధర కదలకపోవడంలో ఉంది. యూనిట్ విలువ ఎప్పుడూ 1,000 రూపాయలే. ఏ రోజుకారోజు వచ్చిన రాబడిని డివిడెండుగా ప్రకటించి, ఆ మొత్తానికి దశాంశ స్థానాల వరకు కొత్త యూనిట్లను జమ చేస్తారు. అందువల్ల కొనేవాడు 1,000 రూపాయలకు, అమ్మేవాడు ఒక పైసా తక్కువకు వ్యవహారం ముగించవచ్చు. వెయ్యి రూపాయల్లో పైసా అంటే లెక్కలోకి రాని నష్టం. ఎవరైనా 1,000 రూపాయల కంటే గణనీయంగా ఎక్కువ అడుగుతుంటే అది తప్పుడు ధర అని చూడగానే తెలిసిపోతుంది. సెక్యూరిటీల లావాదేవీల పన్ను కూడా దీనికి లేదు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఉన్నవారికి ఇంకో ప్రయోజనం ఉంది. రాత్రికి కొనసాగించే పొజిషన్లకు కావలసిన మార్జిన్లో, అంటే హామీగా ఉంచవలసిన మొత్తంలో, కనీసం సగం నగదు రూపంలో, లేదా నగదుతో సమానంగా గుర్తించిన రూపంలో ఉండాలి. సగానికి తగ్గితే ఆ లోటుపై బ్రోకరు వడ్డీ వేస్తాడు. లిక్విడ్ బీస్‌ను తాకట్టు పెడితే 10 శాతం హెయిర్‌కట్ (ముందుజాగ్రత్తగా విలువలో వేసే కోత) పోను మిగతాది నగదుతో సమానమైన మార్జిన్‌గా చెల్లుతుంది. ఐదు లక్షల రూపాయల యూనిట్లు తాకట్టులో ఉంటే నాలుగున్నర లక్షల మార్జిన్ దొరుకుతుంది, యూనిట్లపై రాబడీ ఆగదు. ఈ వర్గానికి లిక్విడ్ బీస్ మంచి సాధనమని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

చిక్కంతా మిగతావారికే, అదీ ఆ రోజువారీ డివిడెండు వల్లనే. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండుపై పన్ను కట్టవలసింది ఇన్వెస్టరే, అదీ తన ఆదాయపు స్లాబు ప్రకారం. ఏడాదికి నికరంగా 5 శాతం వస్తుందనుకుందాం. ఐదు లక్షల రూపాయలు ఏడాదంతా ఉంచినవారికి దాదాపు 25,000 రూపాయల డివిడెండు వస్తుంది. ఆ ఏడాది ఒక్క యూనిట్ కూడా అమ్మకపోయినా అదంతా ఆ ఏటి ఆదాయమే. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఫండు సంస్థ ఏడాదికి ఇచ్చే డివిడెండు 10,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కోత కూడా ఉంది. రిటర్నులో తిరిగి పొందవచ్చునన్నది నిజమే కానీ, అప్పటిదాకా ఆ సొమ్ము మనది కాదు. ఇక దశాంశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్నదంతా అమ్మేసినా 0.6, 0.7 అంటూ ఒక తునక డీమ్యాట్‌లో మిగిలిపోతుంది, దాన్ని ఎక్స్ఛేంజిలో అమ్మలేము. చిన్న చిన్న జమలతో నిండిపోయే ఖాతా స్టేట్‌మెంటు చూసి ఆడిటర్లు విసుక్కోవడంలో వింత ఏముంది?

ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినవే గ్రోత్ పద్ధతి లిక్విడ్ ఈటీఎఫ్‌లు. జెరోధా ఫండ్ హౌస్ 2024 జనవరిలో తెచ్చిన లిక్విడ్‌కేస్ వీటిలో బాగా తెలిసినది. ఇందులో డివిడెండు ఉండదు, రాబడి ఏ రోజుకారోజు యూనిట్ ధరలోనే కలిసిపోతుంది. లాభంపై పన్ను స్లాబు ప్రకారమే, ఆ విషయంలో తేడా లేదు. అయితే అది అమ్మిన ఏడాదిలోనే వస్తుంది, స్వదేశంలో నివసించేవారికి టీడీఎస్ ఉండదు, దశాంశపు తునకలూ ఉండవు. దీర్ఘకాలం సొమ్ము ఉంచేవారికి నా ఓటు దీనికే.

అయితే దీనిలోనూ ఒక మెలిక ఉంది, ప్రకటనల్లో అది కనబడదు. ఈ యూనిట్ల ధర వంద రూపాయల దగ్గర మొదలైంది కనుక, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఒక పైసా తేడా అంటే దాదాపు 0.01 శాతం. ఏడాదికి 5 శాతం చొప్పున ఒక రోజు రాబడి 0.0137 శాతమే. అంటే ఆ ఒక్క పైసా దగ్గర దాదాపు నాలుగింట మూడు వంతుల రోజు రాబడి పోయినట్టే. రెండు మూడు రోజులకోసారి లోపలికీ బయటికీ తిరిగేవారికి ఇది గట్టి దెబ్బ, నెలల తరబడి ఉంచేవారికి లెక్కలోది కాదు. పైగా ధర రోజూ పెరుగుతుంటుంది కాబట్టి న్యాయమైన ధర ఏదో లిక్విడ్ బీస్‌లో తెలిసినంత సులువుగా ఇక్కడ తెలియదు. ఫండు సంస్థ పగటిపూట ప్రకటించే సూచిక ఎన్‌ఏవీని (యూనిట్ నికర విలువను) చూసి, ధర మనమే చెప్పే లిమిట్ ఆర్డరు పెట్టాలి, మార్కెట్ ఆర్డరు జోలికి పోకూడదు. తాకట్టు పెట్టే ఉద్దేశం ఉంటే, ఎక్స్ఛేంజి లావాదేవీలను పరిష్కరించే క్లియరింగ్ కార్పొరేషన్ నగదు సమానంగా ఆమోదించిన జాబితాలో ఆ ఈటీఎఫ్ ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి.

ఏది కొన్నా ఖర్చుల నిష్పత్తి, అంటే నిర్వహణ కోసం ఫండు ఏటా తీసుకునే శాతం, చూడకుండా కొనడం తెలివి కాదు. ఈక్విటీ ఫండులో అర శాతం ఖర్చును ఎవరూ పట్టించుకోరు, కానీ వచ్చేదే 5 శాతమైన చోట అర శాతమంటే రాబడిలో పదో వంతు.

భద్రత విషయానికి వస్తే, బ్రోకరు దగ్గర నగదు ఉంచడం కంటే మన డీమ్యాట్‌లో యూనిట్లు ఉంచుకోవడం మేలు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందంటూ 2019 నవంబరులో సెబీ ఆదేశాలిచ్చినప్పుడు, తెలుగు ఇళ్లలో ఎంతమంది తమ డీమ్యాట్ స్టేట్‌మెంట్లు వెతుక్కున్నారో గుర్తున్నవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. ఆ తరువాత 2020 సెప్టెంబరు నుంచి తాకట్టు పెట్టిన సెక్యూరిటీలు ఖాతాదారు డీమ్యాట్‌లోనే ఉండే పద్ధతి వచ్చింది, 2023 నుంచి బ్రోకర్లు ఖాతాదారుల నగదును క్లియరింగ్ కార్పొరేషన్లకు చేర్చాలన్న నియమమూ వచ్చింది. నియమాలు గట్టిపడినా, నగదు మన పేరిట యూనిట్ల రూపంలో ఉండటంలో ఉన్న నిశ్చింత వేరు. మూడు నెలలకోసారి బ్రోకరు సొమ్మును తిప్పి పంపే తంతు కూడా ఈ యూనిట్లను తాకదు.

చిన్న మొత్తాలవారికి మాత్రం ఈ రెండు ఈటీఎఫ్‌లనూ నేను సిఫారసు చేయను. ఇరవై వేల రూపాయలు పది రోజులు పెడితే 5 శాతం చొప్పున వచ్చేది 27 రూపాయలు. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో 2.5 శాతం చొప్పునైనా దాదాపు 14 రూపాయలు వస్తాయి. ఆ మిగులును అమ్మకంపై బ్రోకరు వేసే డీపీ చార్జీ (డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు వేసే రుసుము) ఒక్కటే మింగేయగలదు. ఇలాంటివారికి 2025 ఫిబ్రవరి నుంచి పెద్ద బ్రోకర్లు కనీసం ఒకటైనా తప్పనిసరిగా ఇవ్వవలసిన రెండు సదుపాయాల్లో ఏదైనా చాలు: షేర్లు కొనేదాకా సొమ్మును బ్యాంకులోనే ఉంచి యూపీఐ ద్వారా బ్లాక్ చేయించడం, లేదా బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ ఒకే చోట ఉండే త్రీ ఇన్ వన్ ఖాతా. ఖాతా తెరిచేటప్పుడే ఈ రెండింటిలో తమ బ్రోకరు దేన్ని ఇస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే వాటిని ముందుగా ప్రస్తావించే ఆసక్తి సాధారణంగా బ్రోకర్లకు ఉండదు.