ఆస్కార్ చేపల కోసం ఇంట్లో కట్టించిన సంపు: 8 నెలల తర్వాత

మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ 5 అడుగుల ట్యాంకునీ, అందులో నాలుగు ఆస్కార్లనీ నాకు అప్పజెప్పి వెళ్ళాడు. అవి తినేది ఎంతో, నీళ్ళు పాడుచేసేది అంత. పైన పెట్టే ఫిల్టర్ ఏ మూలకీ చాలేది కాదు. ‘కింద సంపు పెట్టించమ్మా’ అన్నాడు ఫోన్లో. నాకు తెలిసిన సంపు వాకిట్లో మూత కింద ఉండేదే! ఇది వేరట: ట్యాంకులోంచి నీళ్ళు కిందికి దిగి, శుభ్రమై, పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే అద్దాల తొట్టి.

బెజవాడలో మా వీధి చివరి అద్దాల కొట్టతనితో చేయించాను. 3 అడుగుల పొడవు, వెడల్పూ ఎత్తూ 15 అంగుళాలు, లోపల మూడు గదులు. అద్దానికీ కూలికీ 3,800 అయింది. పని ఒప్పుకునే ముందు అతను అడిగిన మొదటి మాట, ‘ట్యాంకు వెనక అద్దం టఫెన్డా అమ్మా?’ అని. టఫెన్డ్ అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దం, దానికి డ్రిల్ పెడితే ముక్కలైపోతుందట. మాది మామూలు అద్దమే. ట్యాంకు నీళ్ళు సంపులోకి దిగడానికి, అద్దం మీద నీళ్ళు పోస్తూ మెల్లగా బెజ్జం వేశాడు. నేను హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చిన సిలికాన్ ట్యూబు చూసి పక్కన పడేశాడు. దాని మీద ‘యాంటీ ఫంగస్’ అని ఉంది. బాత్రూముకి మంచిదే, చేపలకి విషం. అతనికి పూర్తి మార్కులు.

పంపు సంగతి వేరు. డబ్బా మీద గంటకు 3,500 లీటర్లని ఉంది. నాలుగున్నర అడుగులు పైకి ఎక్కించాక బకెట్ పెట్టి చూశాను: 20 లీటర్లు నిండటానికి 32 సెకన్లు. అంటే గంటకు 2,250. మా 500 లీటర్ల నీళ్ళకి అది చాలు, కానీ డబ్బా మీది అంకె నమ్మి కొనకండి.

మధ్య గదిలో సిరామిక్ రింగులు కొన్నే వేసి, మిగతాదంతా గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచుతో నింపాను. సబ్బు లేనిదే కొనాలి. నీళ్ళు శుభ్రం చేసే బ్యాక్టీరియాకి కావలసింది అంటుకునే చోటు, ఖరీదు కాదు. ఆ బ్యాక్టీరియా కుదురుకునే దాకా పాత ఫిల్టర్ని ఆరు వారాలు అలాగే నడిపాను.

ఇక నా తెలివితక్కువతనం. పైకి వెళ్ళే పైపు మూతిని నీళ్ళలో నాలుగు అంగుళాల లోతుకి దించాను, శబ్దం రాదని. మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి దిగాయి. ఆ ట్యాంకులో ఒక్క అంగుళం అంటే 23 లీటర్ల పైనే. నాలుగు అంగుళాలు దిగితే 90 దాటింది. సంపులో ఖాళీ 50 లీటర్లే. మిగతాదంతా హాల్లో, చెప్పులు తేలుతూ! పొద్దున్నే ప్లంబర్‌ని పిలిపించి, పైపుకి నీటిమట్టానికి కాస్త దిగువన చిన్న బెజ్జం వేయించాను. ఇప్పుడు నీళ్ళు అక్కడిదాకా దిగగానే గాలి పీల్చుకుని ఆగిపోతుంది. నెలకోసారి ఆ బెజ్జంలో నాచు పుల్లతో తీస్తాను.

గుడగుడ శబ్దం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. దానికి ఒక స్టార్ తీసేసి నాలుగిస్తున్నా. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ పంపు గదిలోనే మట్టం పడిపోతుంది. అక్కడ నెయిల్ పాలిష్‌తో గీత గీశాను. గీత బయటపడితే ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు ఓ బిందెడు పోస్తాను.