బారువ తీరాన మా ఇంటి పునర్నిర్మాణం: పని చేసిన బృందంపై నా అభిప్రాయం

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువలో, సముద్రానికి ఎదురుగా మా నాన్నగారు 1988లో కట్టించిన ఇల్లు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులో బాగా దెబ్బతిన్నది. పిట్టగోడలు కూలాయి, సముద్రం వైపు కిటికీలు చట్రాలతో సహా ఊడిపోయాయి, పెరట్లోని కొబ్బరిచెట్లతో పాటు పెద్ద పనసచెట్టు ఒకటి వేళ్ళతో సహా పడిపోయింది. ఆ తరువాత ఒక కాంట్రాక్టరు చేత మరమ్మతు చేయించాము. తుప్పుపట్టిన ఇనుప చువ్వలను ఉన్నచోటనే ఉంచి, పైన సిమెంటు మెత్తి, రంగు వేసి ఆయన వెళ్ళిపోయారు. మూడో వానాకాలానికి శ్లాబు అడుగునుంచి పెచ్చులు రాలడం మొదలైంది, ఒకటి మా అమ్మగారు పడుకునే మంచం మీదే పడింది. అందువల్ల 2022 చివరలో ఇంటిని పునాది నుంచి మళ్ళీ కట్టించాలని నిర్ణయించుకున్నాము. ఆ పని చేసిపెట్టిన బృందం గురించి, ఇంట్లో ఏడాదికి పైగా నివసించిన తరువాత, ఈ సమీక్ష రాస్తున్నాను.

వీరు బోర్డు కట్టుకున్న సంస్థ కాదు. విశాఖపట్నానికి చెందిన ఒక ఆర్కిటెక్టు, ఆమెతో చాలాకాలంగా పనిచేస్తున్న స్ట్రక్చరల్ ఇంజనీరు, సోంపేట దగ్గరి పల్లెకు చెందిన తాపీ మేస్త్రి, వడ్రంగి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ కలిసి ఒప్పుకున్న పని ఇది. ఒప్పందం మాత్రం ఒక్కటే రాసుకున్నాము, బాధ్యత అందరిదీ అన్న షరతు అందులో స్పష్టంగా ఉంది. ప్రతి శనివారం ఉదయం పెరట్లోని జీడిమామిడి చెట్టు కింద అందరూ కూర్చునేవారు, ఆ వారంలో పని లేనివారు కూడా రావలసిందే. మొదట్లో ఇది కాలయాపన అనుకున్నాను. ఈ ఇంట్లో ఇప్పుడు నాకు నచ్చిన వాటిలో సగానికి పైగా ఆ చెట్టు కిందే తేలాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సముద్రం ఒడ్డున కట్టడానికి నిబంధనలు ఎక్కువ. తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం, నిర్మాణాలు నిషేధించిన పరిధిలో అనుమతితో ఉన్న పాత ఇంటిని తిరిగి కట్టుకోవచ్చు గాని, పాత ప్లింత్ విస్తీర్ణాన్ని, అంటే నేలమీద ఇల్లు ఆక్రమించిన చోటును, మించకూడదు. నేను ముందు వసారాను సముద్రం వైపు పది అడుగులు పెంచమని అడిగాను. ఆర్కిటెక్టు ఒప్పుకోలేదు. దానికి బదులు మధ్య గోడలు రెండు తగ్గించి, వెనుక ఉన్న సామాన్ల గదిని హాలులో కలిపి, పాత కొలతల్లోనే ఇంటికి విశాలత తెచ్చారు. ఆ విషయంలో ఆమె పట్టుదలకు నేను కృతజ్ఞుణ్ణి.

పాత శ్లాబును పగలగొట్టించి చూపించినప్పుడు, పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ కొన్నిచోట్ల పెన్సిలంత సన్నగా మిగిలి ఉంది. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా చువ్వ దాకా చేరుతుందని, తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలదీస్తుందని ఇంజనీరు వివరించారు. మేస్త్రి అదే సంగతిని తన మాటల్లో చెప్పారు: "ఉప్పుగాలి లోపలికి దూరిపోనాది బావూ, పైన ఎంత పూసినా నిలవదు."

సముద్రపు తుంపర తగిలే కట్టడాలకు, కాంక్రీటు పనులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం35 బలం గల కాంక్రీటును, చువ్వపైన 50 మిల్లీమీటర్ల కవరును, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందాన్ని, నిర్దేశిస్తుంది. మా వైపు ఇళ్ళకు ఇంత మందం కవరు వేయడం అరుదు. మేస్త్రి దీన్ని కాదనలేదు గాని, స్తంభమూ దూలమూ కలిసేచోట చువ్వలు ఒత్తుగా ఉన్నాయని, మామూలు పిక్క (కంకర) వేస్తే అది కిందికి దిగక లోపల గుల్లలు మిగులుతాయని, ఆ గుల్లలున్నచోట కవరు ఎంతున్నా ప్రయోజనం లేదని అభ్యంతరం చెప్పారు. ఇంజనీరు ఆ మాటను తేలికగా తీసుకోలేదు. ఒక వారం పని ఆపి, చిన్న పిక్కతో మిశ్రమాన్ని మళ్ళీ లెక్కకట్టి, నమూనా దిమ్మలు పోయించి పరీక్షకు పంపారు. చదువుకున్నవారు పనివారి మాట విని తమ లెక్కను సరిదిద్దుకోవడం నేను మరెక్కడా చూడలేదు. నీటి విషయాన్ని ప్లంబరు కనిపెట్టారు. పక్క ఇంటి కుళాయిలు చూసి అనుమానించి, మా బోరు నీటిని పరీక్ష చేయించమన్నారు. ఇనుము వాడే కాంక్రీటుకు కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదు. మా బోరు నీటిలో అంతకు ఎక్కువే తేలింది. కలపడానికీ, శ్లాబుకు నీళ్ళు కట్టడానికీ కూడా లోపలి ఊళ్ళ నుంచి ట్యాంకర్లతో మంచినీరు తెప్పించారు. ఖర్చు పెరిగింది, నేను విసుక్కున్నాను, వారు మాత్రం వెనక్కి తగ్గలేదు.

అన్నిటికంటే పెద్ద చర్చ హాలుకు సముద్రం వైపున్న అద్దాల గోడ గురించి జరిగింది. మా అమ్మగారు కుర్చీలో కూర్చుని అలలు చూడాలని నా కోరిక. ఆర్కిటెక్టు అందుకోసం ఇరవై అడుగుల వెడల్పున ఒకే అద్దపు గోడ గీశారు. ఇంజనీరు దానికి ససేమిరా అన్నారు. తుపానులో ఒక కిటికీ పగిలితే గాలి ఇంట్లోకి చొరబడి పైకప్పును లోపలి నుంచి నెడుతుంది, అదే సమయంలో బయటి గాలి దాన్ని పైకి లాగుతుంది, చాలా కప్పులు లేచిపోయేది ఈ రెండు బలాలు కలిసినప్పుడేనని ఆయన వాదన. రెండు శనివారాలు ఎటూ తేలలేదు. మూడో వారం వడ్రంగి సరుగుడు పుల్లలతో, అట్టముక్కలతో చేసిన ఒక చిన్న నమూనా తెచ్చారు. అద్దాన్ని మూడు భాగాలుగా విడదీసి, మధ్యలో రెండు కాంక్రీటు స్తంభాలు నిలిపి, ఆ స్తంభాల వెనుక మడిచిపెట్టుకునే టేకు తలుపులు ఉంచితే, మామూలు రోజుల్లో సముద్రం కనిపిస్తుంది, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పదిహేను నిమిషాల్లో మూసుకోవచ్చు. ఆర్కిటెక్టు తన గీతను పక్కనపెట్టి ఆ నమూనానే కొలతలకు ఎక్కించారు. అద్దం కూడా రెండు పలకల మధ్య పొర ఉన్నది వేశారు, పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కూడా రెండు రోజులు వాన పడింది. అప్పటికి తలుపులు బిగించడం పూర్తయింది, హాలులోకి చుక్క నీరు రాలేదు.

ఇంటి అలంకారాన్ని గురించి క్లుప్తంగా చెబుతాను. నేలకు టెక్కలి నీలి గ్రానైటు, పరదాలకు పొందూరు ఖాదీ, పూజగదికి బుడితి ఇత్తడి దీపాలు ఆర్కిటెక్టు ఎంపిక. తిత్లీలో పడిన పనసచెట్టు కలపను మా నాన్నగారు కోయించి ఆరబెట్టించారు, వీధి తలుపు దానితోనే తయారైంది. ఎలక్ట్రీషియన్ సూచించిన ఒక మార్పును మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. చలికాలం చివర మా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటి పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి కాబట్టి, మేడమీద సముద్రం వైపు వేయాలనుకున్న దీపాలన్నిటినీ ఆయన తీయించి, పెరటివైపు తక్కువ ఎత్తులో పసుపు దీపాలు పెట్టించారు. ఎవరూ అడగకుండా చేసిన పని అది.

లోపాలు లేవని చెప్పను. పదకొండు నెలల్లో అప్పగిస్తామన్నారు, పదహారు నెలలు పట్టింది. ఖర్చు మొదటి అంచనాను దాదాపు 12 శాతం దాటింది, ట్యాంకరు నీటి లెక్క నాకు మూడు నెలలు ఆలస్యంగా చూపించారు. ఆ చర్చ ముందే జరగవలసింది. కింది స్నానాలగదిలో వాలు సరిగా లేక మూల నీరు నిలిచింది, అడిగిన పదిరోజులకు రాళ్ళు తీసి మళ్ళీ వేశారు. సరఫరాదారు ఒకరు ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బదులు తక్కువ రకం బందులు పంపడంతో, రెండు నెలలకే కిటికీల మీద గోధుమరంగు చారలు దిగాయి. తప్పు తమది కాదని బృందం తప్పించుకోలేదు. దిగిన సరుకును పరీక్షించకుండా బిగించడం తమ పొరపాటేనని ఒప్పుకుని, కూలి తీసుకోకుండా అన్నీ మార్చారు.

త్వరగా పూర్తి కావాలనుకునేవారికి, వారానికోసారి కూర్చుని మాట్లాడే ఓపిక లేనివారికి ఈ బృందం సరిపోదు. తీరంలో తల్లిదండ్రులు ఉండే ఇల్లు కట్టించేవారికి మాత్రం నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. అందుకు ముఖ్యమైన కారణం వారి నోటు పుస్తకం. కాంక్రీటు పోసేముందు, గోడ పూసేముందు, రాయి పరిచేముందు, తరువాత ఆ చోట పని చేయబోయేవారు వచ్చి చూసి అందులో సంతకం చేస్తేనే పని ముందుకు సాగేది. "కప్పీసినాక సేసేది ఏటుంది బావూ, కప్పకముందే సూసుకోవాల" అని మేస్త్రి అనేవారు. గోడల్లో దాగిన ప్రతి గొట్టం, ప్రతి తీగ ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నదీ కొలతలతో, ఫోటోలతో అందులో ఉంది. తాళాలతో పాటు ఆ పుస్తకాన్ని కూడా మా అమ్మగారి చేతికి ఇచ్చారు. గత నెలలో మేడమీది గదిలో ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రవాడు గోడకు డ్రిల్లు ఆనించబోతే ఆవిడ ఆపి, పుస్తకం తెచ్చి ఆ గోడ ఉన్న పేజీ తీసి చూపించారు. అతడు కొలుచుకుని, నాలుగు అంగుళాలు కుడివైపుకు జరిగి రంధ్రం వేశాడు.